అమ్మ కుడి జబ్బ

మా అమ్మ కుడిచెయ్యి బాగున్న కాలంలో దాని వేగం ఎట్లాంటిదంటే, మిల్లులో పక్కన కూర్చున్నవాళ్లకు ఆ గాలికే జలుబు చేసేది. ముందర వేరుశనగ గింజలు కుప్ప పోస్తే చాలు, ఆమె వేళ్లు తాకకముందే పుచ్చులు ఒకవైపుకు, రాళ్లు ఒకవైపుకు తమంతట తామే జరిగి నిలబడేవి, పంతులు వస్తున్నాడని తెలిసిన పిల్లల మాదిరి. గింజ వేషం వేసుకొచ్చిన మట్టిబెడ్డ ఆమె చూపుకే పొడి అయ్యేది. ఇందులో సగం నా కల్పన అని మీరు తీసేసినా, మిగిలిన సగం మా తాలూకాలో ఇంకే ఆడమనిషికీ చేతకాలేదు.

ఆ మిల్లు ఏ ఊళ్లో ఉండేదో చెప్పను. చెబితే ఆ యజమాని మనవళ్లు నా మీద కేసు వేస్తారు. కేసుల రుచి మా ఇంటికి ఒకసారి తెలిసింది, అది చాలు. పావగడకూ వై.ఎన్.హొసకోటకూ నడుమ ఎక్కడో ఒకచోట అనుకోండి. కాయలు వొలిచే యంత్రం ఒకటి, దాని మీద రేకుల షెడ్డు, షెడ్డు కింద గోనెపట్టలు పరుచుకొని వరసగా కూర్చొని గింజలేరే ఆడవాళ్లు. యంత్రం చప్పుడుకు పక్కమనిషి మాట వినపడేది కాదు. అయినా ఆ ఆడవాళ్లు పొద్దుగూకులూ మాట్లాడుకొనేవారు. ఒకరి మాట ఒకరికి వినపడదు గనక వాళ్లలో ఎన్నడూ జగడాలు రాలేదు.

అవి ఎనభైల నడుమ కరువు ఏళ్లు. వాన అనంతపురం వైపు నుంచి కర్ణాటక సరిహద్దు దాకా వచ్చి, చెక్‌పోస్టు చూసి, తన దగ్గర కాగితాలు లేవని గుర్తొచ్చి వెనక్కి తిరిగిపోయేది. ఎండకు మాత్రం ఏ చెక్‌పోస్టూ అడ్డం కాలేదు. ఇప్పుడు క్యాతగానచెర్లు వైపు అదే ఎండను పలకల మీద పట్టి కరెంటు చేస్తున్నారు, భూమి ఇచ్చినవాళ్లకు ఏటా కౌలు ముడుతోంది. ఆ కాలంలో ఎండే మా దగ్గర కౌలు వసూలు చేసుకొనేది. మొదట బావిలో నీళ్లు తీసుకొంది, తర్వాత కాడెద్దులు, ఆ తర్వాత మనుషుల ఒంట్లో ఉన్న కండ. మా చేనిలో వేసిన విత్తనం కంటే పీకిన కాయ తక్కువైన ఏడు కూడా ఉంది. ఇల్లు నడిచింది అమ్మ కుడిచేతి మీద.

మా నాయన పేరుకు రైతు. వాన పడితే కదా సేద్యం. అందుకని ఏడాదిలో ముప్పాతిక భాగం ఆయన ఆకాశాన్ని తిట్టే పనిలో ఉండేవాడు. ఆయనకు అసలు పేరు తెచ్చినవి వాతలు. ఎద్దుకు జబ్బ పట్టేసినా, ఆవుకు గొంతు వాచినా, మనిషికి నడుము నిలబడకపోయినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా వాకిట్లోకి వచ్చి నిలబడేవారు. కొస వంచిన ఇనుప కడ్డీ ఒకటి, పట్టుకొనేచోట గుడ్డ చుట్టి, మా చూరులో దోపి ఉండేది. దాన్ని ఎర్రగా కాల్చి నాయన ఒక వాత పెడితే, మూడు కాళ్ల మీద వచ్చిన ఎద్దు గూటం పెరుక్కొని ఆంధ్రా దాకా పరిగెత్తిందని చెప్పుకొనేవారు. కుదిరి పరిగెత్తిందా, ఇంకొకటి పెడతాడని పరిగెత్తిందా అని అమ్మ అడిగేది. నాయన కడ్డీని మళ్లీ చూరులో దోపేవాడు. తాంబూలం తప్ప ఎవరి దగ్గరా ఏమీ తీసుకొనేవాడు కాదు. ఆయన గొప్పంతా ఒకటే, నొప్పి ఎక్కడని ఎవరినీ అడగడు.

"యాడ నొస్తాదో ఎద్దు నోరు తెరిచి చెప్తాదా?" అనేవాడు. "నడక చూస్తే మనకే తెలియాల."

అమ్మ మాత్రం తన ఒంటి మీద గానీ, పిల్లల ఒంటి మీద గానీ ఆ కడ్డీ ఆననివ్వలేదు. తలనొప్పి అన్నా, కడుపునొప్పి అన్నా నాయన చూపు చూరు వైపు పోయేది. వెంటనే అమ్మ, నేనేమన్నా ఎద్దునా అనేది. చిన్నప్పుడు కడుపు మీద వాత పడని పిల్లలు ఊరు మొత్తానికి మేమే. బోరు కింద నీళ్లు పోసుకొనేటప్పుడు నున్నగా ఉన్న మా పొట్టలు చూసి, వీళ్లెవరో బెంగళూరు నుంచి వచ్చినారని కొత్తవాళ్లు అనుకొనేవారు.

ఆ ఏడు ఎండాకాలం బావులన్నీ అడుగంటినాయి. మిగిలిన బురదనీళ్లనే మనుషులూ గొడ్లూ పంచుకొని తాగి, రెండు మూడు ఊళ్లలో వాంతులు, భేదులు మొదలైనాయి. పదిమంది చేరేచోట అందరికీ కలరా సూది వేయించాలని, లేకుంటే మిల్లు మూసుకోవాలని ఆస్పత్రివాళ్లు యజమానికి చెప్పిపోయినారు. మిల్లు మూయడమంటే ఆయనకు ముక్కు మూసినట్టు. ఆడవాళ్లను ఆస్పత్రికి పంపితే సగం రోజు పోతుంది. అందుకని తనకు తెలిసిన ఒక కాంపౌండరును పిలిపించినాడు. ఆ కాంపౌండరు స్టవ్వు మీద గిన్నె పెట్టి, సూదులు ఉడకబెట్టుకొని, షెడ్డులోకే వచ్చినాడు. ఎవరినీ పైకి లేవద్దన్నారు, లేస్తే పని ఆగుతుంది గదా. ఆడవాళ్లు కూర్చొని ఏరుతూనే ఉన్నారు; ఆయన వెనక నిలబడి ఒకరి తర్వాత ఒకరికి పైనుంచి పొడుస్తూ వచ్చినాడు.

ఇంకొక సంగతి చెప్పాలి, కథంతా దాని మీదే ఉంది. ఆ కాలంలో మా వైపు ఆడవాళ్ల రవికె చేతులు మోచేతి దాకా ఉండేవి, గాలి కూడా లోపలికి పోవడానికి అనుమతి అడగాల్సినంత బిగువుగా. వాటిని పైకి మడవడం ఎవరివల్లా కాదు. పరాయి మగవాడి ముందర గుండీలు విప్పడం అనేమాటే లేదు. అందుకని ప్రతి ఒక్కతీ మెడ దగ్గర రవికెను ఒకపక్కకు లాగి, జబ్బ కొసన నాలుగు వేళ్ల మేర చర్మం చూపించి, తల ఇటు తిప్పుకొని గింజలు ఏరుకొంది. కాంపౌండరుకు కనబడిన చోటు అదే. చేతి కండలో దిగాల్సిన సూది జబ్బ మీద, కీలు ఉండేచోట నిట్టనిలువుగా దిగింది. అమ్మ కూర్చొనేది వరస చివర, ఎడమపక్కన స్తంభం. అందుకని కుడి జబ్బ ఇచ్చింది.

చాలామందికి ఒక పూట జ్వరం వచ్చి పోయింది. అమ్మకు జ్వరం కూడా రాలేదు. సూది బొమికెలో దిగినట్టుందని పక్కామెతో అనిందట, యంత్రం చప్పుడులో ఆమెకు వినపడలేదు.

మర్నాడు చెయ్యి బరువెక్కింది. అందరి నొప్పీ తగ్గిపోయినాక అమ్మది మొదలైంది. కొప్పు ముడుచుకోవడానికి చెయ్యి తల దాకా రాలేదు. బిందె చంకలోకి ఎక్కలేదు. రవికె తొడుక్కోవాలంటే ముందు కుడిచేతిని చంటిబిడ్డను ఎత్తినట్టు ఎడమచేత్తో ఎత్తి, చొక్కాయిలో దూర్చినట్టు దూర్చాల్సి వచ్చేది. ఈ చెయ్యి సంగతిలో పెంచి చెప్పడానికి నాకు ఏమీ మిగల్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే ఎక్కువ.

కొన్నాళ్లు ఎడమచేత్తో ఏరింది. మేస్త్రీ రెండు రోజులు చూసి, నీ కుప్పలో రాళ్లు కాపురం పెట్టినాయని చెప్పి పంపించేసినాడు. యజమాని దగ్గరికి పోతే, అందరికీ వేసిన సూదే గదా, నీ ఒక్కదానికే వేరే సూది తెచ్చినామా అన్నాడు. ఊళ్లో ఆ మాట ఇంకొంచెం పెరిగింది. కూర్చొని తినడానికి దారి వెతుక్కొందని ఒకామె నీళ్ల దగ్గర అనింది. ఆ మాట మా గడప దాటి లోపలికి వచ్చేసరికి అమ్మ ఎడమచేత్తో రాగిముద్ద కెలుకుతోంది. కట్టె ఆగలేదు.

నేను అప్పుడే పావగడలో చదువు చాలించి ఇంటికొచ్చినాను. చదువే నన్ను చాలించిందని కొందరి అభిప్రాయం. నాయన చూరు వైపు చూడకముందే అమ్మను బస్సెక్కించి అనంతపురంలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయినాను. ఆయన చేతిని నాలుగు వైపులా తిప్పబోయి, తిరగదని తెలుసుకొని, ఎక్కడ పొడిచినారో వేలు పెట్టి చూపించమన్నాడు. అమ్మ చూపించింది. సూది ఇంత పైన వేయగూడదని, మందు కీలులోకి పోయి లోపల వాచి బిగుసుకుపోయిందని, కొంత తగ్గవచ్చు గానీ మునుపటి చెయ్యి అయితే రాదని చెప్పినాడు. ఎక్స్‌రే ఫోటో తీస్తే బొమికెలు శుభ్రంగా ఉన్నాయి. ఈ వాపు ఫోటోలో పడదన్నాడు. పనిచోట జరిగింది గదా, లాయరును అడుగు, దీనికి పరిహారం ఉంటుంది అని నాతో అన్నాడు.

పరిహారం అనే మాట అమ్మ బస్సులో మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకొంది. హొసకోట వచ్చేసరికి ఆమె మనసులో ఒక పెట్టె అంగడి లేచి నిలబడింది. బస్సులు నిలబడేచోట, చెప్పులు కుట్టేవాడి పక్కన, కొంచెం ఖాళీ ఉంది. అక్కడ కొయ్యపెట్టె ఒకటి, లోపల ఆమె. వక్కాకు, బీడీలు, అగ్గిపెట్టెలు, అరటిపళ్లు, సీసాలో బొరుగుల ఉండలు. ఏ వస్తువుకూ చెయ్యి పైకెత్తే పని ఉండకూడదు, ఏదీ ఎడమచేతికి దూరంగా ఉండకూడదు. ఆ తర్వాత కొన్ని నెలలు మా అరుగు మీద గులకరాళ్లతో ఆ అంగడి సర్దుతూనే ఉంది. నున్నటి రాళ్లు బొరుగుల ఉండలు, పలకరాళ్లు అగ్గిపెట్టెలు. నేను పోయి బీడీలు అడిగితే, చదువుకొన్నోనికి అరువు లేదని తరిమేసేది. ఆ కరువులో మా ఇంట్లో వినపడిన నవ్వు అంతా ఆ రాళ్ల అంగడి దగ్గరిదే.

మా లాయరు పావగడ కొండ కింద ఒక మిద్దె మీద ఉండేవాడు. ఆయన నల్లకోటు ఎండకు వెలిసి వేరుశనగ పొట్టు రంగుకు వచ్చింది. బల్లకు ఒక కాలు పొట్టి; దాని కింద చట్టం పుస్తకం పెట్టినాడు. చట్టం బరువు మోస్తుందని నాకు ఆయన గదిలోనే తెలిసింది. మనిషి మంచివాడు. కథంతా విని, పని చేసే చోట, పని ఆగకుండా, యజమాని వేయించిన సూది గనక యజమానే పరిహారం ఇవ్వాలని లేబర్ ఆఫీసరుకు అర్జీ రాసినాడు. రాసినాక ఫోటోను కిటికీ వెలుతురులో చాలాసేపు తిప్పి చూసినాడు.

"ఏమీ కనపడదు గదమ్మా," అన్నాడు. "గాయం కంటికి కనపడితే నేను వాదించే పనే ఉండదు. కనపడని నొప్పిని చూపించేదే కష్టం."

మా వెనకనే నిలబడి విన్న నాయన ఆ మాటను మడిచి నడుముకు చెక్కుకొని ఇంటికి తెచ్చుకొన్నాడని మాకప్పుడు తెలియలేదు.

లేబర్ ఆఫీసరు నెలకో రెండు నెలలకో ఒకసారి పావగడకు వచ్చి ప్రయాణికుల బంగళాలో విచారణ చేసేవాడు. మొదటి విచారణలోనే దెబ్బ తిన్నాము. లోపలికి పోతూనే అమ్మకు ఎదురుగా కుర్చీలో పెద్దమనిషి కనిపించినాడు. దండం పెట్టకుండా నిలబడటం ఆమెకు చేతకాదు. ఒక్క చేత్తో దండం పెడితే అగౌరవం. అందుకని ఎడమచేత్తో కుడి మోచేతిని కిందనుంచి ఎత్తి పట్టి, పళ్లు బిగబట్టి, రెండు అరచేతులూ గడ్డం దాకా తెచ్చి కలిపింది. ఆఫీసరు అప్పుడు కాగితాలు చూసుకొంటున్నాడు, ఆ దండం ఆయనకు కనపడనే లేదు. చూసినవాడు మిల్లు వైపు లాయరు. లేచి, స్వామీ, ఎత్తలేని చెయ్యి ఇప్పుడే ఎత్తింది, ఈమె సూది వేయించుకొన్నది మిల్లులో కాదు, నాటకం కంపెనీలో అన్నాడు. గదిలో ఉన్నవాళ్లు నవ్వినారు.

మా లాయరు అనంతపురం డాక్టరు కాగితం తీసినాడు. పక్క రాష్ట్రం డాక్టరు కాగితం ఇక్కడ ఎట్లా చెల్లుతుందని అవతలి లాయరు. ఆంధ్రాలో బిగుసుకొందని రాస్తే కర్ణాటక జబ్బ బిగుసుకోగూడదేమో. చివరికి ఆఫీసరు, తుమకూరులో ఫలానా డాక్టరు పరీక్ష చేసి ఏమి రాస్తే దాని మీదే తీర్పు అని, కాగితం ఇచ్చి పంపించినాడు. మా లాయరు బయటికి వచ్చి సంతోషపడినాడు. ఆ డాక్టరు నిజాయితీ గల మనిషని, సూది పడిన చోటు చూసి, చెయ్యి ఎంత లేస్తుందో కొలిచి రాస్తాడని, ఇక భయం లేదని చెప్పినాడు.

అమ్మకు అదేదీ చెవికెక్కలేదు. నాటకం అనే మాట ఒక్కటే ఎక్కింది. ఇంటికొచ్చిన తర్వాత రాళ్ల అంగడి సర్దలేదు.

తుమకూరుకు పోయే ముందటి రోజు మధ్యాహ్నం నేను బోరు దగ్గర బిందెల వరసలో ఉన్నాను. ఆ వరస మా ఊరి నుంచి మొదలై చివర ఏ ఊళ్లో ఉందో తెలిసేది కాదు. నడుమ పిల్లలు పుట్టినారని కూడా అనేవారు. ఇంట్లో జరిగింది తర్వాత మా చెల్లెలు చెప్పింది.

నాయన వచ్చి అమ్మ ముందర కుక్కిరి కూర్చొన్నాడట.

"మే, ఆ ఫోటోలో ఏమీ పడలేదు గదా. రేపు ఈ డాక్టరు మాత్రం లోపలికి దూరి చూస్తాడా? గుర్తు పెడితే వాని ఏలు సక్కగా ఆడికే పోతాది. ఇంత నొప్పి లేంది ఎవురన్నా వాత పెట్టుకొంటారా? సూసినోనికి అదే సాక్షి."

మా వైపు ఆలోచన అదే. వాత ఉందంటే నొప్పి ఉన్నట్టు. పశువుల సంతలో కూడా ఎద్దు ఒంటి మీద వాతలు చూసి, దీనికి ఎప్పుడు ఎక్కడ ఏ జబ్బు వచ్చిందో చదువుకొంటారు. నాయన ఒక డాక్టరుకు తాను రాయగల ఒకే ఒక అక్షరం రాసి పంపాలనుకొన్నాడు.

అమ్మ పెళ్లయినప్పటినుంచీ ఆ కడ్డీకి అడ్డం నిలబడిన మనిషి. తర్వాత ఎడమచేత్తో రవికెను మెడ దగ్గర పక్కకు లాగింది. మిల్లులో లాగినట్టే.

"నొప్పికయితే వద్దు," అనింది. "కేసుకయితే పెట్టు."

నేను బిందె దించేసరికి కమురు వాసన వాకిట్లోకి వచ్చి ఎదురైంది. అమ్మ గోడకు ఆనుకొని కూర్చొని ఉంది, కొంగు ఇంకా పళ్ల నడుమనే ఉంది. కుడి జబ్బ కొసన, సూది దిగిన చోట, మూడు వాతలు. నాయన ఆముదం రాసి విసనకర్రతో విసురుతున్నాడు. ఆయన ముఖంలో తృప్తి ఉంది. ఎన్నాళ్లకో ఇంటికి పనికొచ్చిన మనిషి తృప్తి. అమ్మ కొంగు తీసి నన్ను చూసింది.

"ఇప్పుడు కనపడుతాదా?" అని అడిగింది.

తుమకూరు బస్సు మధుగిరి మీదుగా పోయేది. దారిలో ప్రతి మేకకూ నిలబడి, అది ఎక్కదని నిశ్చయం చేసుకొని కదిలే బస్సు. ఒక్కొక్క గుంతకు అమ్మ రవికె ఆ వాతల మీద రాసుకొనేది. మధుగిరి దాటినాక ఆమె ఎడమచేతిని జబ్బకూ గుడ్డకూ నడుమ పెట్టుకొని, తుమకూరు వచ్చేదాకా తీయలేదు. నాయన పక్కన కూర్చొని, డాక్టరుకు ఏమి చెప్పాలో నాకు నేర్పిస్తున్నాడు.

డాక్టరు నిజంగా మంచివాడే. అదే మా ఖర్మ. నర్సును పిలిచి, తెర వెనక అమ్మ జబ్బ చూసి, బయటికొచ్చి, ఎవరు చేసినారిది అని కన్నడంలో అడిగినాడు. నాయన ఒక అడుగు ముందుకు వేసినాడు. ఏ కడ్డీ, ఎంత ఎరుపు, ఎందుకు మూడు అన్నీ విడమరిచి చెప్పినాడు. సాటి వైద్యుడికి చెప్పినట్టు చెప్పినాడు. డాక్టరు కుర్చీలో కూర్చొని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టినాడు.

"సూది ఎక్కడ పడిందో నేనిప్పుడు ఎట్లా చెప్పేదయ్యా?" అన్నాడు. "సరిగ్గా దాని మీదే కాల్చినారు. చెయ్యి ఎత్తితే అరుస్తోంది. ఆ అరుపు కీలుదో, కాలినదో నాకెట్లా తెలుస్తుంది?"

నేను అనంతపురం డాక్టరు మాట చెప్పినాను. ముందు ఇట్లా లేదని, నిన్ననే పెట్టినారని చెప్పినాను. నమ్ముతున్నాను అన్నాడు. అయితే తాను చూసిందే రాయాలి గానీ నమ్మింది రాయకూడదన్నాడు. పూతమందు తన దగ్గరున్నది ఉచితంగా ఇచ్చినాడు. పుండు మానినాక మళ్లీ చూడవచ్చునా అంటే, చూడవచ్చు, అప్పటికి బిగుసుకొన్నది సూదివల్లనో వాతవల్లనో దేవుడు కూడా రాసివ్వలేడు అన్నాడు. నాయన అప్పటికీ అర్థం చేసుకోలేదు. బయటికొచ్చి, సార్ ఏలు సక్కగా ఆడికే పోయింది చూసినావా అని నన్నడిగినాడు.

తర్వాతి విచారణలో మిల్లు లాయరు అమ్మను ఏమీ అడగలేదు. నాయనను పిలవమన్నాడు. మా లాయరు కళ్లతో వద్దు వద్దని సైగ చేసినాడు. నాయన ఆ సైగను ధైర్యంగా చెప్పమన్నట్టు తీసుకొని, తలగుడ్డ సర్దుకొని నిలబడినాడు.

ఈ వాతలు ఎవరు పెట్టినారని లాయరు అడిగినాడు.

"నేనే పెట్టినా సామీ."

ఎప్పుడని అడిగినాడు.

"డాక్టరు సారు దగ్గరికి పోయే ముందునాడు."

"అంటే కేసు వేసిన తర్వాతనే గదా? ఎందుకు పెట్టినావు?"

నాయన ఆఫీసరు వైపు తిరిగినాడు. ఇంత చిన్న సంగతి చదువుకొన్నవాళ్లకు చెప్పాల్సి వచ్చిందే అని కొంచెం జాలి కూడా ఉంది ఆయన గొంతులో.

"నొప్పి కనపడాల గదా సామీ. కనపడితేనే ఇస్తారని చెప్పిరి."

ఈసారి ఆఫీసరు కూడా నవ్వినాడు. బంగళా కాపలాదారు నవ్వినాడు. మా లాయరు తన పొట్టు రంగు కోటు గుండీలు లెక్కపెట్టుకొంటున్నాడు. అమ్మ బెంచీ మీద కూర్చొని నాయననే చూస్తోంది. ఆ నవ్వు ఎందుకో నాయనకు అప్పుడు అర్థమైంది. అర్థం కావడం నేను కళ్లారా చూసినాను. మొదట నోరు మూసుకొంది, తర్వాత చెయ్యి తలగుడ్డ దగ్గరికి పోయి దాన్ని విప్పింది, తర్వాత ఆ గుడ్డను ఏమి చేయాలో తెలియక రెండు చేతులా పట్టుకొని నిలబడినాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. చాలాసేపు అట్లాగే నిలబడినాడు.

తీర్పు కన్నడంలో చదివినారు. చెయ్యి బిగుసుకొన్న మాట నిజమేనట. అది సూదివల్లనే అని రుజువు లేదట, ఇంటివాళ్లు చేసిన నాటువైద్యంవల్ల కావచ్చునట. అర్జీ కొట్టివేయడమైనది. బెంగళూరుకు అప్పీలు పోవచ్చునని మా లాయరు అన్నాడు, చంద్రమండలానికి పోవచ్చునన్నట్టు. ఆయన ఇక మమ్మల్ని ఫీజు ఏమీ అడగలేదు. మెట్ల దాకా వచ్చి అమ్మకు దండం పెట్టినాడు. అమ్మ తిరిగి దండం పెట్టలేదు. ఆ ఒక్క విషయంలో కోర్టు ఆమెను బాగుచేసింది.

ఇంటికి వచ్చే బస్సు హొసకోటలో నిలబడింది. చెప్పులు కుట్టేవాడి పక్కన ఖాళీ ఇంకా ఖాళీగానే ఉంది. అమ్మ అటువైపు కిటికీ దగ్గర కూర్చొని కూడా చూడలేదు. మరునాడు అరుగు మీద గులకరాళ్లు లేవు. ఎవరు తీసినారో, ఎక్కడ పారేసినారో ఎవరూ అడగలేదు.

వాతల పుండ్లు మానడానికి మరుసటి ఎండాకాలం అంతా పట్టింది. మానినాక కూడా చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. ఆ వానాకాలం కూడా వాన రాలేదు. అప్పుడు మిల్లు యజమాని నుంచి కబురొచ్చింది, షెడ్డులో పొట్టు ఊడ్చే పని ఇస్తాడట, ఎడమచేత్తో ఊడ్చినా ఫరవాలేదట, పాతమనిషి గదా అని జాలి పడినాడట. గెలిచినవాడి జాలి అంత మెత్తగా ఇంకెక్కడా దొరకదు. నేను పోవద్దన్నాను. అమ్మ, పొయ్యిలో ఏమి పెట్టేది, నీ చదువా అనింది. పోయింది. తాను ఏరిన వరస వెనకనే, కాంపౌండరు నిలబడి నడిచిన చోటనే, ఎడమచేత్తో చీపురు పట్టుకొని ఊడ్చింది. వేరుశనగ తాలూకాలో నానాటికీ తగ్గిపోయి, ఆ మిల్లు మూతపడేదాకా ఊడ్చింది.

నాయన మళ్లీ చూరు వైపు చూడలేదు. కడ్డీకి బూజు పట్టింది. ఆయనకు ఇంట్లో ఒక కొత్త పని వచ్చింది. తెల్లవారి అమ్మ గడప లోపల కూర్చొంటే, ఆయన తలుపు దగ్గరికి వేసి, వెనక కూర్చొని ఆమె తల దువ్వి కొప్పు వేసేవాడు. ఆయనకు వచ్చిన ముడి ఒకటే, ఎద్దుకు పగ్గం వేసే ముడి. ఆ కొప్పు సుడిగాలికి కూడా ఊడేది కాదు. సాయంత్రం విప్పాలంటే మా చెల్లెలు పళ్లు ఉపయోగించేది. మిల్లు ఆడవాళ్లు నవ్వితే, మా ఇంట్లో గొడ్లు పోయి పగ్గం ముడులు మిగిలినాయి లే అనేదట అమ్మ. వాతల గురించి ఆయనతో ఒక్క మాట అనలేదు. ఆయన అనిపించుకోవాలని ఎదురుచూసినాడు. అది మాకందరికీ తెలిసేది. అమ్మ అనలేదు.

ఆ తర్వాతి ఏడు రెండు పదున్ల వాన పడింది. ఒకరోజు పొద్దున్నే పక్క ఊరి రైతు ఒకడు ఎద్దును నడిపించుకొని మా వాకిట్లోకి వచ్చినాడు. కాడి కింద జబ్బ పట్టేసింది, కాలు మోపడం లేదు. పదును ఆరిపోతే విత్తనం పడదు, జత ఎద్దు ఒక్కటే కాడి లాగలేదు. మామా, నువ్వే దిక్కు అన్నాడు. నాయన తాను మానేసినానని చెప్పినాడు. వాడు కాళ్లు పట్టుకోబోతే నాయన ఇంటి వెనక్కి పోయి నిలబడినాడు.

అమ్మ మిల్లుకు బయలుదేరుతోంది. చీపురు చంకన పెట్టుకొని వాకిట్లో ఆగింది. ఎద్దును చూసింది. లోపలికి పోయి, ఎక్కుపీట వేసుకొని ఎడమచేత్తో చూరులోంచి కడ్డీ లాగింది. ఇంటి వెనక్కి తీసుకుపోయి నాయన ముందర పట్టింది.

"పెట్టు పో," అనింది. "ఎద్దు కోర్టుకు పోదులే."

అది ఎగతాళో, అనుమతో, సంవత్సరం పాటు అనకుండా దాచిపెట్టిన మాటో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన కడ్డీ తీసుకొన్నాడు. పిడకలు పేర్చి నిప్పు చేసినాడు. కడ్డీ ఎర్రబడింది. రైతు పగ్గం బిగించి పట్టుకొన్నాడు. నాయన ఎద్దు పక్కన నిలబడి దాని నడక చూడలేదు, జబ్బ చూడలేదు.

"యాడ?" అని అడిగినాడు. రైతును కాదు.

అమ్మ చీపురు కింద పెట్టి వచ్చింది. ఎడమచెయ్యి చాపి, ఎద్దు జబ్బ మీద కొంచెంసేపు తడిమి, ఒకచోట వేలు ఆనించింది.